ప్రతిజ్ఞాభేద విచారము: గ్రాంథిక వ్యావహారిక వాద విమర్శనము

వాదరూపమైన వ్యాసమును బరీక్షించునపుడు మనము సాధారణముగా హేతువునే వెదకుదుము. హేతువు బలవత్తరమా, దుర్బలమా, దృష్టాంతము పొసఁగినదా, లేదా యని విచారింతుము. కాని యా హేతువు సాధింపవలసిన ప్రతిజ్ఞ యే జాతికిఁ జెందినదో ముందుగా నిర్ణయించుకొనువారు మిక్కిలి తక్కువ. అట్లు నిర్ణయింపక హేతుపరీక్షకుఁ గడంగుట, బియ్యమును గొలుచు మానికతో వస్త్రమును గొలువఁబూనుట వంటిది.

ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము నను న్యాయావయవము లైదును బండితులకుఁ బరిచితములే. పర్వతమునందు నిప్పు కలదనుట యిందుఁ బ్రసిద్ధోదాహరణము. ఆ నిప్పున్నదో లేదో యనునది వస్తువిషయము. కొండ యెక్కి చూచినచో సందేహము తీఱును. ఆ నిప్పు నార్పవలయు ననుట యట్టిది కాదు. కొండ యెక్కి చూచుటతో నది తేలదు. అది కార్చిచ్చో, గొల్లవాండ్రు చలికాఁచుకొను మంటయో, దానివలనఁ గలుగు కీడెట్టిదో, ఆర్పుట కుపాయము కలదో లేదో విచారింపవలయును. ఈ భేదమును గుర్తించియే మీమాంసకులు సిద్ధార్థమును దెలుపు వాక్యమును, కార్యమును దెలుపు వాక్యమును వేఱుపఱచి, స్తుతినిందారూపమగు నర్థవాదమును విధికంటె భిన్నముగా నెంచిరి.

ఈ శాస్త్రముల వెలుఁగున వాదవ్యాసములలోని ప్రతిజ్ఞలను నాలుగు తెఱంగులుగా విభజింపవచ్చును. ఉన్నది, లేదు, జరిగినది, జరుగును అనునది వస్తుప్రతిజ్ఞ. ఇది యీ పేరునకుఁ దగును, తగదు అనునది లక్షణప్రతిజ్ఞ. ఇది మేలు, ఇది కీడు అనునది గుణప్రతిజ్ఞ. ఇట్లు చేయవలయును, చేయరాదు అనునది విధిప్రతిజ్ఞ. ఈ పేళ్లు నేను సౌకర్యార్థము పెట్టుకొన్నవే గాని శాస్త్రపరిభాషలు గావు.

ఈ భేదమును మఱచుటవలన నెంత పాండిత్యము వ్యర్థమగునో చూపుటకు మన గ్రాంథిక వ్యావహారిక వాదముకంటెఁ దగిన నిదర్శనము నాకుఁ దోఁపదు. 1909 లో పి. టి. శ్రీనివాసయ్యంగారు దేశభాషల జీవన్మరణములఁ గూర్చి యాంగ్లమున నొక చిన్న పుస్తకము ప్రకటించిరి. 1911 లో నాంధ్రసాహిత్యపరిషత్తు స్థాపితమయ్యెను. 1913 లో జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికమును, గిడుగు వేంకటరామమూర్తిపంతులుగారు వ్యావహారికమును సమర్థించుచు నాంగ్లముననే గ్రంథములు వెలువరించిరి. 1914 లో గురుజాడ అప్పారావుగారు మదరాసు విశ్వవిద్యాలయమునకుఁ దమ యసమ్మతిపత్రమును సమర్పించిరి. పాఠశాలలో విద్యార్థి తన వ్యాసము నే భాషలో వ్రాయవలయు ననునది యప్పటి ప్రధానప్రశ్న. అనఁగా వివాదమంతయు నొక విధిప్రతిజ్ఞ చుట్టును దిరిగినది. కాని యుభయపక్షములవారును జూపిన ప్రమాణములలోఁ బెక్కులు వస్తుప్రతిజ్ఞలకు సంబంధించినవి.

రామమూర్తిపంతులుగారి పరిశ్రమను ముందుగాఁ జూతము. వాడుకరూపములు శిష్టుల వ్రాఁతలలో లేవను మాటను ఖండించుటకు వారు శాసనములను, వచనగ్రంథములను, వ్యాఖ్యానములను గాలించిరి. వ్యాకరణములు విధింపని ప్రయోగములు పూర్వకవులయందుఁ గలవని ‘బాలకవిశరణ్యము’నఁ జూపిరి. ఎన్నఁడును లేదను సార్వత్రికనిషేధమును గూల్చుట కొక్క ప్రామాణికోదాహరణము చాలును. వారు రాసులు పోసిరి. ఇక్కడ వారి జయము నిస్సంశయము. ప్రతిపక్షులు చేయఁదగినవి రెండే: ఆ యుదాహరణము ప్రక్షిప్తమనియో, లేఖకదోషమనియో ప్రత్యంతరములతో నిరూపించుట, లేదా యొప్పుకొనుట. కొందఱు మూఁడవ దారి పట్టి, యవి గ్రామ్యములు గావున లెక్కకు రావనిరి. ఇది వస్తుప్రతిజ్ఞకు లక్షణప్రతిజ్ఞతోఁ బ్రత్యుత్తరమిచ్చుట. చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమున లక్షణవిరుద్ధమైన భాషను గ్రామ్యమని నిర్వచించెను. దీనినే యాధారముగాఁ గొన్నచో, వ్యాకరణమున కెక్కని ప్రతిరూపమును గ్రామ్యమగును. గ్రామ్యము గావున వ్యాకరణమున కెక్కఁదగదు. ఇట్లు వాదము గానుగెద్దువలెఁ దిరుగునే కాని ముందునకు సాగదు. లక్షణప్రతిజ్ఞను బరీక్షించు విధము వేఱు. ఆ నిర్వచన మే ప్రయోజనమునకై చేయఁబడినది, అతివ్యాప్త్యవ్యాప్తులు లేక నిలుచునా యని చూడవలయును.

ఇంతమాత్రమున వ్యావహారికపక్షము నిర్దుష్టమని యెంచరాదు. ‘ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము’న రామమూర్తిపంతులుగారు గ్రాంథికాభిమానులగు పండితుల రచనలలోనే గ్రాంథికలక్షణమునకు విరుద్ధములగు రూపములను జూపిరి. వస్తువు సిద్ధించినది. దానినుండి యేమి తేలును? పండితులును దప్పినారని మాత్రమే. గ్రాంథికమును బాఠశాలలయందు నిర్బంధింపరా దనుట కీ తప్పులు మాత్రమే చాలవు. ఏలయనఁ, దప్పులున్నవి గావున నింకను శ్రద్ధతో నేర్పవలయునని ప్రతిపక్షియు నదే హేతువుతో వాదింపఁగలఁడు. ఒక్క హేతువు రెండు విరుద్ధవిధులకు నొదిఁగినచో, నడుమ నొక గుణప్రతిజ్ఞ మఱుఁగుపడి యున్నదని తెలియవలయును. జీవితమంతయుఁ జదివినవారికిని వశము గాని భాషను బాలురపై మోపుట వారి భావప్రకటనశక్తికిఁ గీడు అనునదే యిక్కడ మఱుఁగుపడిన వాక్యము. వాదమునకు మూలస్తంభ మిదియే. దీనిని బైకిఁ దెచ్చి సమర్థించినపుడు వ్యావహారికవాదము బలవంతమగును. దీనిని విడిచి తప్పుల పట్టికను మాత్రము చదివినపుడు పరిహాసమే మిగులును.

గ్రాంథికపక్షమువారి ముఖ్యహేతువు వేఱొకటి. మాటాడు భాష మండలమండలమునకు మాఱును, గ్రాంథిక మందఱకు నొక్కటి, వాడుకను గ్రంథముల కెక్కించినచోఁ దెలుఁగు ముక్కలగు ననిరి. ఇందు మొదటి రెండును వర్తమానవస్తువులు. కన్నులతోఁ జూచి, చెవులతో విని నిర్ణయింపఁదగినవి. మూఁడవది భవిష్యద్వస్తువు, 1913 లో దానికిఁ బ్రత్యక్షప్రమాణము దొరకదు. నేఁటికి శతాబ్దము దాఁటినది. వార్తాపత్రికలును, కథలును, పాఠ్యపుస్తకములలోని వచనమును వ్యావహారికముననే వెలువడుచున్నవి. శ్రీకాకుళమువాఁడు వ్రాసినది వరంగల్లువాఁడును, అనంతపురమువాఁడును జదువుచున్నాఁడు. భాష ముక్కలగు ననిన భయము నిజము కాలేదు. అయినను, ఈ ప్రమాణభాషకుఁ గోస్తామండలముల మాటయే యెక్కువగా మాతృకయయ్యె నను తెలంగాణ రాయలసీమల రచయితల యాక్షేపము, అందఱకు నొక్కటియగు భాష యెవరిది యను పాత ప్రశ్నను మఱల నిలిపినది.

విద్యార్థి ప్రాచీనకావ్యములకు దూరమగు నను రెండవ భయమును నంత సులభముగాఁ ద్రోసివేయరాదు. దూరమగుట మనకుఁ గన్నులఁ గట్టుచున్నది. కాని వ్యావహారికము వచ్చిన పిమ్మట జరిగినది గావున వ్యావహారికమే కారణమనుట కాకతాళీయమును గార్యకారణభావముగా భ్రమించుట. ఆంగ్లమాధ్యమమును, తెలుఁగునకుఁ బాఠశాలలలోఁ జిక్కుచున్న కాలమును, పరీక్షాపద్ధతిని విచారింపక కారణనిర్ణయము పొసఁగదు.

గ్రాంథికము గంభీరమనియు, వ్యావహారికము జీవద్భాష యనియు నుభయపక్షములవారును జేసిన స్తుతు లర్థవాదములు. వానికిని వాదమున స్థానము కలదు. విధియందు రుచి పుట్టించును. కాని విధిని స్థాపింపలేవు. గౌతముఁడు చెప్పిన 22 నిగ్రహస్థానములలోఁ బ్రతిజ్ఞాంతరము, అర్థాంతరము అనునవి రెండు. తన మాట ఖండితమైనపుడు దానికొక విశేషణము చేర్చి మఱియొక ప్రతిజ్ఞగా నిలుపుట మొదటిది. ప్రకృతమునకు సంబంధింపని దానిఁ జెప్పుట రెండవది. ఆ వాదగ్రంథములను మఱలఁ జదువువారు తమ పక్షమువారియందును వీనిని గుఱుతింపఁగలిగినచో, నా గ్రంథములు నేఁటికిని మంచి పాఠములగును.

ఇది పెద్దల వాదములకే చెల్లునని తలంపరాదు. పల్లెకు గ్రంథాలయము వలయునా యను విషయమున నొకప్పుడు విద్యార్థులచే వ్యాసములు వ్రాయించితిని. ఒకఁడు తన యూర గ్రంథాలయము లేదనియు, పుస్తకమునకై పట్టణమునకుఁ బోవలసివచ్చు ననియు వివరములతో నిండుగా వ్రాసెను. వానికిఁ బెక్కు గుణములిచ్చితిని. మఱియొకఁడు, చదువురాని తన యవ్వకు గ్రంథాలయమువలన నేమి ఫలమని ప్రశ్నించుకొని, సాయంకాలమునఁ జదివి వినిపించువాఁ డొకఁడు గూడ నుండవలయునని వ్రాసెను. ప్రకృతమును విడిచినాఁడని వానికిఁ దగ్గించితిని. పిమ్మట నాలోచింపఁగా, మొదటివాఁడు లేమిని మాత్రమే నిరూపించె ననియు, వలయునా యను విధిని నిజముగా విచారించినవాఁడు రెండవవాఁ డొక్కఁడే యనియుఁ దెలిసినది. అప్పటికి వత్సరము గడచిపోయెను. ఆ బాలునకుఁ గలిగిన నష్టము నా తప్పువలననే కలిగినది.

కావున నుపాధ్యాయులకు నా మనవి: విద్యార్థి వ్యాసముఁ జేతఁబట్టిన వెంటనే హేతువులను లెక్కింపక, సాధింపఁబూనిన వాక్యము క్రింద గీఁత గీచి, యిది వస్తువా, లక్షణమా, గుణమా, విధియా యని యడుగుఁడు. విధి యైనచో, వస్తువునుండి విధికిఁ జేరుటకు నడుమ నే గుణవాక్యమును వాఁడు మెట్టుగాఁ జేసికొనెనో చూడుఁడు. ఆ మెట్టు లేనిచోఁ దప్పని కొట్టివేయక, దానిని వానిచేతనే వ్రాయింపుఁడు.

ఈ వ్యాసము గ్రాంథికమున వ్రాయఁబడినది. ఇట్లును వ్రాయవచ్చు నను వస్తువునకే యిది నిదర్శనము. ఇట్లే వ్రాయవలయు నను విధికిఁ గాదు.