చిత్రాభిమానుల ప్రశ్నోత్తరములు: ఒక పరిశీలనము

తెలుగు చలనచిత్రములను గూర్చిన వాఙ్మయములో విమర్శకుల దృష్టి కంతగా నానని శాఖ యొకటి కలదు. అది చిత్రాభిమానుల ప్రశ్నోత్తరము. ఫలానా చిత్రములో నారదుని వేషము ధరించినదెవరు, ఫలానా పాట పాడిన గొంతు ఎవరిది, అది మొదట ఏ యూరిలో ఏ హాలులో ఆడినది అని యొకరడుగుదురు. ఎరిగినవారును, ఎరుగుదుమనుకొన్నవారును బదులు చెప్పుదురు. ఆ బదులును మరియొకరు సవరింతురు. చిత్రపత్రికల పాఠకుల పుటలలోను, కాఫీహోటళ్ల బల్లలయొద్దను, సంఘముల వార్షికోత్సవములకు వచ్చినవారి నడుమను దశాబ్దములుగా సాగుచున్న యీ వ్యవహారమును కాలక్షేపమని త్రోసివేయుట పరిపాటి. అది కాలక్షేపమే, కాని కాలక్షేపము మాత్రమే కాదు. దాని గుణదోషములను విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట దీని యవసరమును గుర్తింపవలెను. తెలుగు టాకీ పుట్టినిల్లు తెలుగు జిల్లాలు కావు. ‘భక్తప్రహ్లాద’ బొంబాయిలో, అర్దెషిర్ ఇరానీ నిర్మాతగా, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున తయారైనది. 1933లో వచ్చిన ‘సావిత్రి’యు, 1934లో వచ్చిన ‘లవకుశ’యు కలకత్తాలో చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వమున రూపొందినవి. 1934లోనే వేల్ పిక్చర్సువారి ‘సీతాకల్యాణము’తో తెలుగు చిత్రనిర్మాణము మద్రాసునకు చేరినది. ఇట్లు అనేక నగరములలో చెదరియున్న చరిత్రకు ఆధారములును చెదరియే యున్నవి. ‘భక్తప్రహ్లాద’ ప్రతి నేడు చూడ దొరకదు. చిత్రమే లేనప్పుడు దానిని గూర్చి మిగులునవి వార్తాపత్రికల ప్రకటనలు, సెన్సారు దాఖలాలు, హాలు గుమ్మమున అమ్మిన పాటల పుస్తకములు, చూచినవారి జ్ఞాపకములు. ఈ నాలుగింటిలో కడపటిదానిని ప్రశ్నోత్తరములే కొంతవరకు నిలిపినవి.

అయితే నిలిపినదంతయు సత్యమా? ఇందులకు చక్కని నిదర్శనము మొదటి టాకీ విడుదల తేదీయే. ‘భక్తప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయ్యెనని చిరకాలము చెప్పుకొనిరి. అడిగినవారికెల్ల అదే బదులు. ఒకరి మాటను మరియొకరు, ఆ మరియొకరి మాటను వేరొకరు ఉదాహరించుటచే అది సిద్ధాంతమైపోయినది. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి ఆధారములను వెదకి పరిశీలింపగా, ఆ చిత్రమునకు బొంబాయి సెన్సారువారి అనుమతి 1932 జనవరి 22న లభించినదనియు, ఫిబ్రవరి 6న ఆ నగరమందలి కృష్ణా సినిమాలో విడుదలైనదనియు తేలినది. సెన్సారు అనుమతి లేక చిత్రము బహిరంగముగా ఆడదు గదా! వేయినోళ్ల మాటకంటె ఒక్క కాగితపు సాక్ష్యము బలవత్తరమని యీ యుదంతము చాటుచున్నది.

ఈ సవరణ వలన మారినది తేదీ యొకటే కాదు. హెచ్.ఎం. రెడ్డియే దర్శకత్వము వహించిన ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైనది. దానిని తమిళుల మొదటి టాకీగా లెక్కింతురు. కాని అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళమున మాటలాడగా, నాయకుడు తెలుగున బదులు పలికినాడు. పాత తేదీ నిజమైనచో తెలుగు టాకీ ముందు, ‘కాళిదాస్’ వెనుక. క్రొత్త తేదీ ప్రకారము వరుస తారుమారగును. అప్పుడు తెరమీద తెలుగు పలుకు ‘కాళిదాస్’లో ముందుగా వినబడినదనియు, పూర్తిగా తెలుగులో తీసిన మొదటి చిత్రము ‘భక్తప్రహ్లాద’ యనియు వేరుపరచి చెప్పవలసియుండును. ‘మొదటిది ఏది?’ అను ప్రశ్నకు ‘దేనిలో మొదటిది?’ అను ఎదురుప్రశ్న వేయువాడే ఉత్తమ సమాధాత.

కొన్ని ప్రశ్నలు చమత్కారమునకై పుట్టినను చరిత్రలోనికి దారి చూపును. హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూటిలోను కనుపించిన నటుడెవరని యడుగుట అభిమానులకు పరిపాటి. ఎల్.వి. ప్రసాద్ అని బదులు. ఆయన ‘ఆలంఆరా’, ‘కాళిదాస్’, ‘భక్తప్రహ్లాద’లలో చిన్న వేషములు ధరించినాడు. బదులు అంతటితో ఆగినచో అది వట్టి విడ్డూరము. ఒకే దర్శకుడు, ఒకే నటుడు, ఒకే నిర్మాణశాల భాషలను దాటి పనిచేసిన కాలమది యని గ్రహించినచో అది జ్ఞానము.

కర్ణాటకమందలి తెలుగువారికి చేరువైన ప్రశ్న మరియొకటి కలదు. 1936లో ద్రౌపది కథతో రెండు చిత్రములు పోటీగా వచ్చినవి: ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’, ‘ద్రౌపదీ మానసంరక్షణము’. బళ్లారి రాఘవ దుర్యోధనుడుగా నటించినది వీనిలో దేనియందు? రెండవదానియందు. విజయము మాత్రము మొదటిదానిని వరించినది. ఈ బదులు చెప్పినవాడు మరియొక అడుగు వేసినచో ఎంత కథ యున్నది! రాఘవ వృత్తిచే న్యాయవాది, ధర్మవరము రామకృష్ణమాచార్యులకు మేనల్లుడు. ఆ ఆచార్యులు బళ్లారిలో సరసవినోదినీ సభను నెలకొల్పినవారు. సురభివారు ఆడిన ఆయన ప్రహ్లాద నాటకమే మొదటి తెలుగు టాకీకి ఆధారము. 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రమున చేరిన బళ్లారి, తెలుగు తెరకు తొలి కథ నిచ్చిన యూరన్నమాట. ఈ సంగతి అచటి తెలుగు పిల్లలలో ఎందరికి చెప్పబడుచున్నది?

ఇక దోషములు. మొదటిది, ఆధారము చెప్పకపోవుట. చూచినదియు, చదివినదియు, విన్నదియు ఒకే నిశ్చయముతో పలుకుదురు. రెండవది, ఎన్ని దినములాడినది, ఎన్ని కేంద్రములలో ఆడినది యను లెక్కలయందలి మితిమీరిన యాసక్తి. అభిమాన నటుని గెలిపింపవలెనను పట్టుదల గల చోట సత్యము సాక్షిగా కాక బంటుగా నిలుచును. మూడవది, ముఖము కనుపించినవారినే తలచుకొనుట. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడెవరని యడిగిన ఎస్.వి. రంగారావని పసివాడును చెప్పును. ఆ వెన్నెలను తెరపై కురిపించిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ యని చెప్పువారు అరుదు. ఆ చిత్రమే ఆ యేటనే తమిళమునను వెలువడినది. తెలుగున అక్కినేని నాగేశ్వరరావు ధరించిన అభిమన్యుని వేషమును అందు జెమినీ గణేశన్ ధరించెను. రెండింటిని పోల్చి చూడగల వసతి తమిళనాటి తెలుగువారికి సహజముగా కలదు. ఆ దిశగా ప్రశ్నలు మాత్రము తక్కువ.

ఈ దోషములు దిద్దరానివి కావు. బదులు చెప్పువారు ‘చూచితిని’, ‘చదివితిని’, ‘వింటిని’ అను మూడు మాటలను వేరువేరుగా వాడిన చాలును, సగము పొరపాట్లు తొలగును. ఇంటనున్న పాత పాటల పుస్తకమును చిత్తుకాగితములలో అమ్మక, అట్ట వెనుక దొరికిన చోటును తేదీని వ్రాసి సంఘ గ్రంథాలయమున కిచ్చుట అందరికిని సాధ్యము. తాము ఏ యూరిలో ఏ యేట ఏ తెలుగు చిత్రము చూచిరో పెద్దలచేత చెప్పించి పిల్లలచేత వ్రాయించుట అల్పసంఖ్యాకుల పాఠశాలలకు తగిన పని. అట్లు వ్రాయు పిల్లవానికి తెలుగు లిపి పరీక్షకొరకు నేర్చినది కాక పనికి వచ్చినదగును.

గ్రంథస్థమైన చరిత్ర బెజవాడను, మద్రాసును, హైదరాబాదును తలచునంతగా బళ్లారిని, బరంపురమును, షోలాపురమును, యానామును తలవదు. ఆ యూళ్ల ప్రేక్షకుల సంగతి అచటివారు చెప్పిననే తెలియును. వారిని అడుగువారుండిననే వారు చెప్పుదురు. అందుచే అభిమానుల ప్రశ్నలను పరిహసించుట తగదు. వాని బదుళ్లను పరీక్షింపక అంగీకరించుటయు తగదు.