లాంచీ ఎవరిది?

ఉరవకొండ వైపు పడవ ఎక్కి బడికి వచ్చే పిల్లలు లేరు. మా పిల్లలకు తెలిసిన లాంచీ సినిమాలో చూసిందే. అందుకే గోదావరి లాంచీని కథగా చేసుకున్న రెండు సినిమాలను గిరిజన ఉపాధ్యాయులుగా మేము పరిశీలిస్తున్నాం.

1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’, 2006లో శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’ రెండూ భద్రాచలం ప్రయాణాలే. బాపు, ముళ్లపూడి వెంకటరమణ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ ఒకే పడవలో కూర్చోబెట్టి డబ్బు గర్వాన్ని నవ్వుతూ ఎండగట్టారు. శేఖర్ కమ్ముల తన కాళ్ల మీద తాను నిలబడాలనుకునే ఆడపిల్లకు కథలో పెద్ద చోటు ఇచ్చారు. ఆ మేలును మేము కాదనం.

అయితే రెండింటిలోనూ కథ నడిపేవాళ్లు మైదానం మనుషులే. పాపికొండలు వాళ్లు చూసి ఆనందించే దృశ్యం. ఆ కొండల్లో బతికే కొండరెడ్లు సంతకో, ఆసుపత్రికో వెళ్లడానికి అదే లాంచీ ఎక్కుతారన్న సంగతి కథకు అవసరపడలేదు. దేవీపట్నం మండలంలో సరైన రోడ్డు లేని ఊళ్లకు లాంచీయే బస్సుగా ఉండేది. బియ్యం బస్తా, బాలింత, పెళ్లివారు అందరూ దాని మీదే.

ఊరికి బస్సు రాకపోతే డిపోకు వెళ్లి అడుగుతాం. లాంచీ వేళకు రాకపోయినా, అందులో ఎక్కువమందిని ఎక్కించినా అడగాలని మనకు తోచదు. విహారానికి వెళ్లే బండిగానే దాన్ని చూడటం నేర్చుకున్నాం కాబట్టి.

2018 మే 15న గాలివానలో మంటూరు దగ్గర లాంచీ మునిగింది. పోయినవారిలో ఎక్కువమంది గిరిజనులే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర విహారయాత్ర బోటు మునిగింది. నీళ్లలో కొట్టుకుపోతున్నవారిని కాపాడటానికి ముందుగా వెళ్లింది ఒడ్డు ఊరి గిరిజనులే. సినిమాలో దృశ్యంగా మిగిలిన ఒడ్డు ఆ రోజు మనుషులై కదిలింది.

ఇప్పుడు పోలవరం ముంపులో ఆ ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. రేవులు పోయాక సినిమా లాంచీ ఒక్కటే మిగిలిపోకూడదు. పునరావాస కాలనీల్లో చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ! టికెట్టు ఎంత ఉండేదో, ఏ రేవులో ఎంతసేపు ఆగేదో, వరద రోజుల్లో రోగిని ఎలా దాటించారో మీ తాతలను, అవ్వలను అడిగి రాయండి. నీళ్లు చూడని మా మెట్ట పిల్లలకు చెప్పడానికి మాకు ఆ పాఠం కావాలి.