కరదీపికలో పుట అమరిక

కంప్యూటరు కార్యక్రమము ఎంత సమర్థమైనదైనను, దాని కరదీపికలో కావలసిన వాక్యము కంటికి దొరకనిచో వాడువారికి ఆ కరదీపిక లేనట్లే. పుట అమరిక అలంకారము కాదు. అది బోధనలో భాగము. యూనిక్స్ కరదీపిక ఇందుకు మంచి నిదర్శనము.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు కూర్చిన ఈ గ్రంథము 1971 నవంబరులో వెలువడినది. ప్రతి ఆజ్ఞకును ఒకే వరుస: పేరు, ఆజ్ఞను వ్రాయు రీతి, వివరణ, చివరి భాగమున దోషములు. తమ కార్యక్రమములోని లోపములకు ప్రత్యేక శీర్షిక నిచ్చిన కర్తల నిజాయితీ మెచ్చదగినది. ఒక పుట చదువ నేర్చినవారికి తక్కిన పుటలన్నియు పరిచితములే. నేటి లైనక్స్ పుటలును ఈ బాటనే నడచుచున్నవి.

అయితే నిపుణునకు మేలైన ఈ అమరిక క్రొత్తవానికి అడ్డగును. ఫైళ్ల జాబితా చూపు ‘ఎల్‌ఎస్’ ఆజ్ఞకు లైనక్స్‌లో గల పుటను చూడుడు. అందలి ఐచ్ఛికములు పదుల సంఖ్యలో అక్షరక్రమమున నున్నవి. ఫైలు పరిమాణము, తేదీ తెలుపు ‘ఎల్’ నిత్యము అవసరమగునదే. కాని అరుదుగా వాడెడి వాని నడుమ అది మరుగుపడినది. నిఘంటువులో పదము తెలిసినవాడు అర్థము వెదకును. క్రొత్తవానికి తెలిసినది తన అవసరము, తెలియనిది పేరు. వానికి అక్షరక్రమమెట్లు తోడ్పడును? మొదట నాలుగైదు ఉదాహరణములు, పిదప పూర్తి పట్టిక ఉండిన ఇరువురకును మేలు.

మరియొక లోపము పంక్తి నిడివి. తెర వెడల్పైనచో పంక్తియు సాగును. చూపు తరువాతి పంక్తిని తప్పిపోవును. పంక్తికి 80 అక్షరములు మించరాదనియు, పేరాలో పంక్తుల ఎడము ఒకటిన్నర రెట్లుండవలెననియు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో తన మార్గదర్శకముల అత్యున్నత స్థాయిలో పేర్కొన్నది.

తెలుగులో కరదీపికలు వ్రాయువారికి ఈ ఎడము మరింత ముఖ్యము. మన అక్షరములకు పైన గుడి, క్రింద ఒత్తు కలవు. ఇంగ్లీషు కొలతలనే వాడినచో పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడిని తాకును. యూనిక్స్ పుటలలో శీర్షికలు పెద్దబడి అక్షరములతో వేరుపడును. తెలుగున పెద్దబడి లేదు. కావున ఆ పని అక్షర పరిమాణము, ఖాళీస్థలము చేయవలెను.

కరదీపికకు పరీక్ష సులభము. ఎన్నడును ఆ కార్యక్రమము నెరుగని వానికి పుట నిచ్చి, ప్రక్కన మౌనముగా కూర్చుండవలెను. వాని వ్రేలు ఎచ్చట ఆగునో అచ్చటనే దిద్దుబాటు అవసరము.