చిమ్నీకి చేరకముందే

భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం చిమ్నీలు చాలా దూరం నుంచే కనబడతాయి. 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010లో, 600 మెగావాట్ల రెండోది 2016లో వచ్చాయి. జనగామ, మహబూబాబాద్ రైతుల బోరు మోటార్లకు అందే కరెంటులో దీనిదీ ఒక వాటా. చూపంతా చిమ్నీ మీదే ఉంటుంది కానీ, అసలు పనితనం దానికి ముందున్న పెద్ద ఇనుప గదుల్లో ఉంది. కార్మికులు వాటిని ఈఎస్పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్) అంటారు.

మన దేశపు బొగ్గులో బూడిద తరచూ 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం పొగతోపాటు ఎగిరిపోవాలని చూస్తుంది. దాన్ని పట్టేది ప్లాస్మా.

ఈఎస్పీ లోపల సన్నటి తీగలకు పదుల వేల వోల్టుల రుణ విద్యుత్తు ఇస్తారు. తీగను అంటిపెట్టుకుని పలచటి వెలుగు పుడుతుంది. అదే ప్లాస్మా. అక్కడ ఎలక్ట్రాన్లు గాలి అణువులను ఢీకొట్టి మరిన్ని ఎలక్ట్రాన్లను విడిపిస్తాయి. కాస్త దూరం పోయి వేగం తగ్గాక వాటిని ఆక్సిజన్ పట్టుకుని అయాన్‌గా మారుతుంది. ఆ అయాన్లు బూడిద రేణువులకు తగిలి విద్యుదావేశాన్ని అంటిస్తాయి. రేణువు ఎదుటి రేకు వైపు జరుగుతుంది.

గాంధీనగర్‌లోని ఆదిత్య టోకమాక్ లాంటి వేడి ప్లాస్మాలో కణాలు ఢీకొనడం అరుదు. ఇక్కడ గాలి దట్టం. ఒక్కో అణువు సెకనుకు వందల కోట్ల సార్లు ఢీకొంటుంది. ప్రతి తాకిడిలోనూ అయాన్ తన ఊపులో కొంత గాలికి ఇచ్చేస్తుంది. గాలే కదిలి సుడులు తిరుగుతుంది. ఆవేశం అంటించే అయాన్లే రేణువును దారి తప్పించే సుడినీ రేపుతాయన్నమాట!

1922లో డాయిచ్ అనే శాస్త్రవేత్త ఆ సుడులు ధూళిని బాగా కలిపేస్తాయన్న ఊహ మీదే లెక్క కట్టాడు. దాని ప్రకారం ఈఎస్పీలో వరసగా ఉండే ఒక్కో దశ తన దగ్గరికి వచ్చినదాంట్లో ఒకే వంతును పడుతుంది. దశకు 90 శాతం చొప్పున మూడు దశలు దాటితే 99.9. నూరు మాత్రం ఎన్నటికీ కాదు.

మిగిలేది ఏ సైజు రేణువన్నదే ఆందోళన కలిగించే విషయం. మైక్రాన్‌కు మించిన రేణువులకు విద్యుత్ క్షేత్రం బలంగా ఆవేశాన్ని ఎక్కిస్తుంది. మరీ సూక్ష్మమైనవి అయాన్ల యాదృచ్ఛిక తాకిడికి దొరుకుతాయి. 0.1 నుంచి 1 మైక్రాన్ మధ్యవి రెండింటికీ సరిగా చిక్కవు. అవి ఊపిరితిత్తుల లోతుకూ వెళ్లగలవు. పొగ కంటికి కనిపించలేదని నిశ్చింతగా ఉండకూడదు. ఈ కేంద్రం ఉన్న గణపురం మండలంలోని ఊళ్లలో పీఎం 2.5 (2.5 మైక్రాన్లలోపు ధూళి) అంకెను రోజూ పంచాయతీ గోడ మీద రాయాలి.

రేకుల మీది బూడిదను సుత్తి దెబ్బలతో రాల్చుతారు. త్వరగా కొడితే పొర గట్టిపడక దుమ్ముగా లేచి మళ్లీ పొగలో కలుస్తుంది. ఆలస్యమైతే పొర మందమై విద్యుత్ ప్రవాహానికి అడ్డుపడుతుంది. బొగ్గు మారినప్పుడల్లా ఆ విరామాన్ని సరిచూసుకునే ఆపరేటర్ల మీద చుట్టుపక్కల ఊళ్ల ఊపిరి చాలావరకు ఆధారపడి ఉంది.