కాకి ఈక, అంతర గాంధారం

మొదటిసారి నొక్కితే మోగుతుంది. రెండోసారి నొక్కితే మోగదు. మీట దిగుతుంది, లోపల చెక్క కదిలిన టక్కు వినిపిస్తుంది, అంతే. మధ్య స్థాయిలో జి స్వరం. పోయిన ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో ఐదుగురం ఆ ఒక్క మీట చుట్టూ చేరి గంటంపావు కూర్చున్నాం. నేను చేసింది పులిహోర గనక, చల్లారిపోతుందని ఎవరూ కంగారు పడలేదు.

వాద్యం పేరు హార్ప్సికార్డ్. బోస్టన్‌కి దగ్గర్లో ఉన్న ఈ ఊళ్లో పదకొండేళ్ల కిందట ఒక రిటైరైన టీచరుగారు ఇల్లు ఖాళీ చేస్తుంటే కొన్నాను. ఐదడుగుల పొడుగు, ఇద్దరు మోయగలిగినంత బరువు. చూసినవాళ్లంతా "బుల్లి పియానోనా?" అంటారు. పియానోకి ఇది చెల్లెలు కాదు, అవ్వ. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సులో క్రిస్టొఫోరి సుత్తుల పియానో చేసేనాటికే దీనికి రెండు శతాబ్దాల పైబడిన వయసుంది. ఆ తర్వాత ఇంకో డెబ్బై ఎనభై ఏళ్ల పాటు కూడా యూరప్ ఆస్థానాల్లోనూ కలిగినవారి ఇళ్లలోనూ మోగింది ఎక్కువగా ఇదే. అయితే బంధుత్వం కొంచెం తిరకాసు. పియానోలో సుత్తి వచ్చి తీగను కొడుతుంది. ఇందులో ఈక వచ్చి తీగను మీటుతుంది. అంటే పుట్టింటి పేరు వీణ వైపుది.

ఈ మాట మా అమ్మతో అన్నప్పుడు ఆవిడ పెద్దగా ఆనందించలేదు. అమ్మది విజయనగరం. బొబ్బిలి వీణ మీద నేర్చుకున్న చెయ్యి. "ఏటిరా, పక్షి ఈక మీటుతాదా? మరి వేలెందుకూ?" అంది. నిజానికి హార్ప్సికార్డ్ మొత్తం కథలో అంతకన్నా మంచి ప్రశ్న లేదు. వేలికీ తీగకీ మధ్య ఒక చెక్కపుల్ల ఉంది. దాన్ని జాక్ అంటారు. ఇంచుమించు జానెడు పొడుగు. పైన చిన్న నాలుకలాంటి ముక్క, ఆ నాలుకలోంచి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చిన ఈక ముక్క. మీట నొక్కితే జాక్ లేస్తుంది, ఈక తీగను గిల్లి పైకి దాటుతుంది. వేలు తీస్తే జాక్ తన బరువుకే కిందికి పడుతుంది. పడేటప్పుడు ఈక మళ్లీ తీగకు తగులుతుంది గదా, మరి రెండోసారి ఎందుకు మోగదు? నాలుక వెనక్కి వాలి, తీగకు దారిచ్చి, మళ్లీ నిటారుగా నిలబడుతుంది. దాన్ని నిలబెట్టే స్ప్రింగుగా పాతకాలంలో పంది వెంట్రుక వాడేవారు. ఒక్కో స్వరానికి ఒక్కో జాక్. నా వాద్యంలో ఇలాంటివి యాభై పైన. పెద్ద వాద్యాల్లో స్వరానికి రెండో మూడో తీగలు ఉంటాయి గనక నూటయాభై దాటతాయి. వీటిలో ఏదో ఒకటి రోజూ అలుగుతుంది.

అలిగినప్పుడు పిలవడానికి మనిషి లేడు. పియానోకైతే ఊరూరా శ్రుతి చేసేవాళ్లు ఉంటారు. దీనికి సొంతదారే మెకానిక్కు. న్యూయార్కులో వోల్ఫ్‌గాంగ్ జుకర్మన్ అనే పియానో శ్రుతిగాడు ఈ సంగతిని వ్యాపారం చేశాడు. విరిగిన ఈకలు మార్చడానికి ఇల్లిల్లూ తిరగలేక, చెయ్యడమే వాళ్లకి నేర్పితే బాగుచేసుకోవడమూ వాళ్లే చూసుకుంటారనుకున్నాడట. 1960 ప్రాంతంలో నూటయాభై డాలర్లకు ఒక పెట్టెలో మీటలు, జాకులు, తీగలు పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. డాక్టర్లూ లెక్కల మాస్టార్లూ గరాజుల్లో కూర్చుని బిగించుకున్నారు. ఆ వాద్యాల శబ్దాన్ని పండితులు మెచ్చుకోరు, ప్లైవుడ్ పెట్టె అని మూతి తిప్పుతారు. నాదీ ఆ బాపతే. మూతి తిప్పినవాళ్లు కూడా మా ఇంటికొచ్చి వాయించే వెళతారు.

నెలకొక ఆదివారం ఒకరింట్లో చేరతాం. కచేరీ అని పేరు, జరిగేది ప్రశ్నల సభ. బాస్ తీగ ఇత్తడిదా, ఇనుముదా? స్కార్లట్టి సొనాటాలో ఈ చోట ఎడమ చెయ్యి కుడిచేతి మీద నుంచి దూకాలా, చేతులు మార్చుకుంటే పాపమా? రకర్స్ కుటుంబం ఆంట్‌వెర్ప్‌లో చేసిన వాద్యాల శబ్దఫలకం మీద పువ్వుల మధ్య ఆ పురుగులు ఎందుకు వేశారు? ఒకాయన స్కార్లట్టి సొనాటాలు 555నీ వరసగా వాయించాలని పూనుకున్నాడు. స్కాట్ రాస్ 1984-85లో అన్నింటినీ రికార్డు చేశాడు గదా, నేను కనీసం వాయించి చూస్తానంటాడు. ప్రస్తుతం నూటపద్నాలుగు దగ్గర ఉన్నాడు. ఆరు నెలలుగా అక్కడే ఉన్నాడు.

ఈకల సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ఇప్పటి వాద్యాల్లో చాలావాటికి డెల్రిన్ అనే ప్లాస్టిక్ ముక్కలే. గట్టివి, చవక. కానీ అసలు ఈక పెట్టి వింటే తేడా తెలుస్తుంది. గిల్లే ముందు తీగ కాస్త వంగడం వేలికి అందుతుంది. పాతకాలపు యూరప్‌లో కాకుల, మాలకాకుల రెక్కల ఈకలు వాడేవారు. అమెరికాలో కాకి ఈక దగ్గర ఉంచుకోవడం నేరం. వలస పక్షుల రక్షణ చట్టం కింద కాకి కూడా ఉంది. ఈ మాట చెబితే అమ్మ నమ్మలేదు. "మన డాబా మీదకి రా, బస్తాలకెత్తుకుపో" అంది. అందుకని ఇక్కడ టర్కీ కోడి ఈకతోనూ బాతు ఈకతోనూ సరిపెట్టుకుంటారు.

నేను బాతు ఈకతో మొదటి ముక్క చెక్కిన రాత్రి బాగా గుర్తు. ఈక కాడను నిలువుగా చీల్చి, లోపలి మెత్తటి బెండు గీకేసి, నాలుకలోని కన్నంలోంచి వెనకవైపు నుంచి దూర్చాలి. బయటికొచ్చిన కొసను ఒక చిన్న చెక్కదిమ్మ మీద ఆనించి సర్జరీ బ్లేడుతో తీగకు సరిపడా కోయాలి. అప్పుడు మీటితే గరగరమని మొరటుగా మోగుతుంది. ఇక్కడి నుంచే అసలు పని. ఈక అడుగువైపు, కింది వైపు మాత్రమే, ఉల్లిపొరంత పలచగా గీకాలి. జాక్ వాద్యంలో పెట్టి వినాలి. తియ్యాలి. మళ్లీ గీకాలి. పక్క స్వరంతో పోల్చి వినాలి. ఒక్కసారి బ్లేడు ఎక్కువ దిగిందా, స్వరం పీలగా అయిపోతుంది. అతికించే వీల్లేదు, మొదటికి రావలసిందే. ఆ రాత్రి తొమ్మిదింటికి కూర్చుని ఒంటిగంటకి లేచాను. మూడు స్వరాలు తయారయ్యాయి. నాలుగోదానికి వేలు కోసుకుంది. చివర్లో ఆలివ్ నూనె చుక్క రాస్తే ఈక ఎండిపోకుండా ఉంటుందని పెద్దలు చెప్పారు. రాశాను, వేలికీ రాసుకున్నాను.

మళ్లీ జి దగ్గరకి వద్దాం. ఐదుగురిలో నలుగురం నాలుగు కారణాలు చెప్పాం. ఈక పొడుగైంది, కిందికి దిగేటప్పుడు తీగ మీదే చతికిలబడుతోంది అని ఒకరు. స్ప్రింగు నీరసించింది, నాలుక నిలబడటం లేదు అని ఇంకొకరు. శబ్దం ఆపడానికి జాక్ పక్కన పెట్టే ఉన్నిముక్క తీగను పట్టుకుంటోంది అని మూడోవారు. నేను జాక్ దూరే కన్నం బిగుసుకుందన్నాను, ఇంట్లో చాకు చేతిలో ఉన్నవాడిని గనక. ఇక గీకేద్దాం అనుకుంటుండగా మాలో అందరికన్నా పెద్దావిడ, ఎనభై దాటిన మనిషి, సోఫాలోంచి లేవకుండానే అడిగింది: "మీ ఇంట్లో హీటరు ఎప్పుడు వేశారు?"

శుక్రవారం వేశాం.

ఇక్కడి చలికాలంలో హీటరు పెడితే ఇంట్లో తేమ ఆవిరైపోతుంది. శబ్దఫలకం పలచటి చెక్క. తేమ పోతే కుంచించుకుని, ఉబ్బు తగ్గి కిందికి దిగుతుంది. దాంతో తీగలూ వెంట్రుకవాసి దిగుతాయి. జాక్ ఎక్కడున్నది అక్కడే ఉంది. అంతవరకూ తీగ కింద ఆగిన ఈక ఇప్పుడు తీగ మీదే ఆగుతోంది, రెండోసారి గిల్లడానికి కిందికి చేరడమే లేదు. జాక్ అడుగున మర ఉంటుంది, అరచుట్టు తిప్పాం. జి మోగింది. అందరం చప్పట్లు కొట్టాం. పక్కనున్న ఎ ఆగిపోయింది.

నాకు ఇదంతా కొత్తగా అనిపించదు. చిన్నప్పుడు ఎండాకాలం వస్తే అమ్మ వీణ మీద మెట్ల కింద మైనం మెత్తబడేది. ఆరున్నర శ్రుతిలో సరిగ్గా ఉన్న మెట్టు మే నెలకి జరిగి ఉండేది. మేళం కట్టే ఆయన వచ్చేదాకా ఆ ఒక్క స్వరం తగలకుండా రాగాలు ఎంచుకునేది అమ్మ. ఆయన వచ్చి, మైనం కాచి, మెట్టు పెట్టి, చెవి ఆనించి, వేలితో ఇంచి సగంలో సగం జరిపేవాడు. ఎంతసేపని ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే. కాకపోతే ఇది వేసవికోసారి కాదు, వాయించడానికి కూర్చున్న ప్రతిసారీ.

శ్రుతి మాట వచ్చింది గనక 415 సంగతి. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ అడుగుతారు: ఎ స్వరాన్ని ఇప్పటి వాద్యాలు 440 దగ్గర పెడతాయి గదా, మీరెందుకు 415 దగ్గర పెడతారు, బాక్ కాలంలో అంతే ఉండేదా? ఉండేది కాదు. బాక్ కాలంలో ఊరికో శ్రుతి, చర్చికో శ్రుతి. ఫ్రాన్సులో 392 దాకా దిగేది. 415 ఇరవయ్యో శతాబ్దంలో కుదుర్చుకున్న రాజీ. 440కి సరిగ్గా అర్ధస్వరం కింద పడుతుంది, మీటల వరసను ఒక గడి పక్కకి జరిపితే రెండు శ్రుతులకూ పనికొస్తుంది. వసతి కోసం పెట్టుకున్న అంకెకి ఇప్పుడు మడి కట్టేశారు. అది నాకు కాస్త నవ్వు తెప్పిస్తుంది.

అసలు తగువు స్వరాల మధ్య దూరాల మీద. హార్మోనియంలోలాగా పన్నెండు గడులూ సమానంగా పంచితే ఏ స్థాయికైనా సర్దుకుపోవచ్చు. కానీ గాంధారం చెడుతుంది. అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే అందులో 14 భాగాలు పైకి పోతుంది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంని గెంటేసినప్పుడు చెప్పిన అభ్యంతరాల్లో ఇదొకటి, గమకం పలకదన్నది ఇంకొకటి. పదహారు, పదిహేడో శతాబ్దాల యూరప్ దీనికి వేరే దారి చూసుకుంది. ఒక్కో పంచమాన్నీ ఐదు భాగాల పైచిలుకు కిందికి దించితే ఎనిమిది గాంధారాలు నిక్కంగా కుదురుతాయి. పదకొండు పంచమాలు అలా సర్దుకున్నాక పన్నెండోది భరించలేనంత ఊళ పెడుతుంది. దానికి వాళ్లు తోడేలు అనే పేరు పెట్టారు. ఆ మీటల జోలికి పోకుండా రాయడం అప్పటి స్వరకర్తల పని. బాక్ 1722లో పన్నెండు స్థాయిల్లోనూ రాసిన పుస్తకం ముఖపత్రం మీద గీసిన చుట్టలు చుట్టల గీతలో ఏదో శ్రుతి రహస్యం ఉందని బ్రాడ్లీ లేమన్ అనే ఆయన 2005లో వ్యాసం రాశాడు. మా గుంపులో ఆ వ్యాసం గురించి ఇద్దరు వాదించుకుని ఏడాది పాటు మాట్లాడుకోలేదు. నా మట్టుకు నాకు అది కలం విదిలింపు.

నేను మొదటిసారి ఆ పాత పద్ధతిలో శ్రుతి చేసి సి, ఇ కలిపి నొక్కినప్పుడు చెయ్యి తియ్యలేకపోయాను. తంబురా షడ్జమం తీగను ఒక్కదాన్నే మీటి చాలాసేపు వింటే అందులోంచి ఎవరూ వాయించని గాంధారం లేస్తుంది. అమ్మ దాన్ని స్వయంభూ గాంధారం అనేది. అది ఇది ఒకటే. ముప్ఫై ఏళ్లుగా ఈ దేశంలో రేడియోల్లో, లిఫ్టుల్లో, పియానోల్లో వింటున్నది కాదు.

అలాగని రెండు సంగీతాలూ ఒకటేననే మాట నేననను. ఆ పొరపాటు మా గుంపులో నా ముందే జరిగింది. విలియం హామిల్టన్ బర్డ్ అనే ఆయన 1789లో కలకత్తాలో హిందుస్తానీ పాటల్ని హార్ప్సికార్డ్ కోసం రాసి అచ్చు వేయించాడు. ఒకావిడ ఆ పుస్తకం నకలు తెచ్చి, "మీకు తెలిసే ఉంటుంది, ఎలా వాయించాలి?" అని నన్నడిగింది. ఇండియావాణ్ని గనక నాకు తెలియాలి! వాయించి చూశాను. స్వరాలున్నాయి, మీండ్ లేదు, గమకం లేదు. ఎడమచేతిలో మాత్రం గడియారంలాంటి యూరప్ తాళం. ఆవకాయ ముక్కను కడిగి తిన్నట్టుంది. ఈ వాద్యంలో స్వరం గిల్లాక ఇక దాన్ని లాగలేం, ఊపలేం. అందుకే ఫ్రెంచివాళ్లు అలంకారాలకు పెద్ద పట్టికలే వేసుకున్నారు. 1689లో దాంగ్లెబేర్ వేసిన పట్టికలో 29 ఉన్నాయి.

దగ్గరతనం ఉన్నది ఇంకోచోట. లూయీ కూపరెన్ రాసిన ప్రెల్యూడ్‌లు కొన్ని చూస్తే అన్నీ ఒకే నిడివి గుండ్రటి స్వరాలు, వాటి మీదుగా పొడుగాటి వంపుగీతలు. తాళం లేదు, గడులు లేవు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పరుగెత్తాలో రాయలేదు. మా వాళ్లు దీని దగ్గర గంటలు గంటలు ప్రశ్నలు వేసుకుంటారు. నాకు మాత్రం ఇబ్బంది అనిపించలేదు. ఆలాపన విని పెరిగినవాడికి తాళం లేకపోవడం ఒక లోటుగా తోచదు.

ఆదివారం రాత్రి అందరూ వెళ్లాక ఎ కూడా బాగుచేసి, పాత పద్ధతిలో శ్రుతి పెట్టి, అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారింది, కాఫీ అయింది. సి, ఇ, జి మూడూ కలిపి నొక్కి పట్టుకున్నాను. శబ్దం పూర్తిగా ఆగిపోయేదాకా ఆవిడ మాట్లాడలేదు.

"గాంధారం బావుంది," అంది. "పంచమం కాస్త కిందికుందేటిరా?"

కావాలనే దించామని చెప్పాను.

"ఎందుకు దించీశారు?"

ఇరవై నిమిషాలు చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు.