ఏడింటికి కాపలా ఎవరు?

మందు మానేస్తానని మనిషి ఎప్పుడు ఒట్టు పెడతాడో గమనించండి. ఎక్కువగా పొద్దున పూటే. తల దిమ్మెక్కి, నోరు చేదుగా ఉండి, ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడని వేళ. అప్పుడు ఆ మాటలో కల్తీ ఉండదు. పిల్లల మీద ఒట్టు అన్నా మనసులోంచే అంటాడు. మధ్యాహ్నానికి ఒళ్లు కుదుటపడుతుంది. సాయంత్రం ఏడయ్యేసరికి ఒట్టు తీసి గట్టు మీద పెడతాడు. ఇంట్లోవాళ్లు అబద్ధాలకోరు అంటారు, పెద్దలు మనోబలం లేదంటారు. ఇన్నేళ్లుగా నన్నూ నా చుట్టూ ఉన్నవాళ్లనూ చూశాక నాకనిపించేది ఇది: మానడం పొద్దున తీసుకునే నిర్ణయంతో తేలే పని కాదు. సాయంత్రం ఏడింటికి ఆ నిర్ణయానికి ఎవరు కాపలా ఉంటారన్నదే అసలు సంగతి.

నేను గొడవలు చేసే రకం కాదు, దారిలో పడిపోయే రకమూ కాదు. డ్యూటీ దిగి, స్నానం చేసి, ప్లేట్లో పల్లీలూ ఉల్లిపాయ ముక్కలూ వేసుకుని, ‘రెండంటే రెండు’ తాగి, అన్నం తిని పడుకునే రకం. ఈ రకాన్ని ఎవరూ తాగుబోతు అనరు. అందుకే ఎంత తాగుతున్నామో మనమూ చూసుకోం. బార్లో పెగ్గంటే 30 మిల్లీలీటర్లు. ఇంట్లో పెగ్గంటే చెయ్యి ఆగేదాకా. ఒక ఆదివారం నా గ్లాసులో, అలవాటు ప్రకారం చెయ్యి ఎక్కడ ఆగుతుందో అక్కడిదాకా నీళ్లు పోశాను. దగ్గుమందు సీసాకు మూతగా వచ్చే గీతల కప్పు ఉంటుంది చూడండి, దానితో కొలిచాను. కప్పు నింపి పారబోస్తుంటే గ్లాసులో నీళ్లు ఎంతకీ అయిపోలేదు. నా పెగ్గు బార్ పెగ్గుకు రెట్టింపు కన్నా కాస్తే తక్కువ. అంటే నా రెండు దాదాపు నాలుగు.

మన దగ్గర విస్కీ, బ్రాందీ, రమ్ మామూలుగా 42.8 శాతం ఆల్కహాల్‌తో వస్తాయి. 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ అంటే ఆరు పెగ్గులు, 60 గ్రాములు. ‘బీరే కదా’ అని తీసిపారేస్తాం కానీ, 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతమైతే అందులో నాలుగు పెగ్గులున్నట్టే. లివర్ గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే వదిలించగలదు. నిమ్మరసమూ మజ్జిగా చన్నీళ్ల స్నానమూ ఆ వేగాన్ని పెంచలేవు. రాత్రి పదకొండింటికి క్వార్టర్ ముగించినవాడు పొద్దున బండి తీసేటప్పటికీ ఒంట్లో ఎంతోకొంత మిగిలి ఉండొచ్చు. చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములే.

కాబట్టి తగ్గించుకోవాలనుకునేవాళ్లకు మొదటి దారి కొలిచి పోసుకోవడం, రాసుకోవడం. ఇంట్లో సీసా నిల్వ పెట్టకపోవడం, క్వార్టర్ బదులు నైంటీ తెచ్చుకోవడం, వారంలో ఏయే రోజులు ముట్టకూడదో ముందే అనుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ఆడిట్’ అనే పది ప్రశ్నల జాబితా ఉంది. మొత్తం 40 మార్కులకు 8 వచ్చినా జాగ్రత్త పడాల్సిందే. కొందరికి ఈ లెక్కలు సరిపోతాయి. కొందరు లెక్కతోనే బేరాలు మొదలుపెడతారు. ఇవాళ్టిది రేపటి ఖాతాలో, రేపటిది పండగ ఖాతాలో. ఆ బేరం మొదలైందంటే తగ్గించడం కన్నా పూర్తిగా మానడమే తేలిక.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ గట్టిగా తాగేవాళ్లు, పొద్దున ఒక చుక్క పడితే తప్ప చేతి వణుకు ఆగనివాళ్లు, ఇంట్లో గది తలుపేసుకుని ఒక్కసారిగా మానకూడదు. ఆఖరి గుక్క తర్వాత కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, ప్రాణం మీదికి రావడం కూడా ఉంటుంది. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో షాపులూ కల్లు కాంపౌండ్లూ మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివాళ్ల తాకిడి ఒక్కసారిగా పెరిగింది. వీళ్లలో ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవాళ్లూ ఉన్నారు. దీన్ని మనోబలంతో గెలవలేం. డాక్టరు పర్యవేక్షణలో కొన్ని రోజులు మందులు తగ్గించుకుంటూ, బీ1 విటమిన్ ఇస్తూ దాటించాల్సిన గండం ఇది.

మన ఊళ్లలో అందరికీ తెలిసిన దారి మాల. మా ఆఫీసులో ఏటా అయ్యప్ప మాల వేసే మిత్రుడున్నాడు. మామూలు రోజుల్లో సిట్టింగ్ అంటే ముందుండేది ఆయనే. మాల వేసిన మర్నాటి నుంచి ఆయన వేరే మనిషి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, నేల మీద పడక, సాయంత్రం ఎవరో ఒకరింట్లో భజన. నిన్నటిదాకా ‘ఏరా’ అన్నవాడు ‘స్వామీ’ అంటాడు. ఇంట్లో భార్య కూడా స్వామీ అనే పిలుస్తుంది. అలా పిలిపించుకుంటూ వైన్ షాపు మెట్లెక్కడం ఎవరి తరం? 41 రోజులు ఆయనకు ఊరంతా కాపలా. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీశాక బట్టలు మారతాయి, పిలుపు మారుతుంది, భజన ఆగిపోతుంది. ఏడు గంటలు మాత్రం ఎప్పటిలాగే వస్తాయి. భక్తి తక్కువై ఆయన మళ్లీ తాగుతున్నాడని నేననుకోను. ఆ సాయంత్రాలను నింపిన ఏర్పాటంతా ఒక్క రోజులో తీసేస్తే మిగిలింది ఆయన ఒక్కడే. భజన మండలిని మాత్రం వదలని స్వాములు కొందరు మాల తీశాక కూడా మానేసే ఉన్నారు.

మాత్ర ఇంకో దారి. డైసల్ఫిరామ్ గుణాన్ని డెన్మార్క్ పరిశోధకులు 1948లో లోకానికి చెప్పారు. అది వేసుకుని తాగితే ఆల్కహాల్ విచ్ఛిన్నం కావడం మధ్యలో ఆగి, ఒంట్లో అసిటాల్డిహైడ్ పేరుకుంటుంది. మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులు, బీపీ పడిపోవడం. ఇక్కడ కాపలా భయానిది. అందుకే ఇది తాగే మనిషికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సిన మాత్ర. ‘మందు మాన్పించే మందు’ అని ఎవరో అమ్మిన పొడిని పప్పులోనో చారులోనో తెలియకుండా కలిపితే అందులో ఏముందో ఎవరికి తెలుసు? ఇదే మందైతే, ఆ రాత్రి అతను తాగొస్తే ప్రాణమే పోవచ్చు. కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, మానినవాళ్లకు ఆసరాగా ఇచ్చే అకాంప్రోసేట్ కూడా ఉన్నాయి. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఎవరికి ఏది తగునో డాక్టరే తేల్చాలి.

మనిషికి మనిషే కాపలా అనుకున్నవాళ్లూ ఉన్నారు. 1935లో న్యూయార్క్ స్టాక్ బ్రోకర్ బిల్ విల్సన్ వ్యాపారం పని మీద ఒహాయోలోని ఆక్రన్‌కు వెళ్లాడు. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. వెళ్లిన పని చెడిపోయింది. హోటల్ లాబీలో ఒంటరిగా ఉంటే బార్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆయన బార్ వైపు వెళ్లకుండా ఫోన్ దగ్గరికి వెళ్లి, తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలని చర్చిల వాళ్లను అడగడం మొదలుపెట్టాడు. చివరికి దొరికిన మనిషి డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది వాళ్లిద్దరి మాటల్లోంచే. మన నగరాల్లోనూ ఆ మీటింగులు జరుగుతాయి. బయటివాళ్లను రానిచ్చే మీటింగ్ ఒకదానికి నేనూ వెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ, ఇంటిపేర్లు లేవు. ఉపన్యాసమూ లేదు. ఒక పెద్దాయన మానేసి చాలా ఏళ్లయిందట, అయినా ‘ఈ ఒక్కరోజుకు తాగలేదు’ అన్నాడు. ఇంకా ఎందుకొస్తున్నారండీ అని బయట టీ తాగుతూ అడిగాను. ‘కొత్తగా వచ్చేవాడికి ఎవరో ఒకరు ఉండాలి కద సార్. వాడి కోసం వస్తే నా సాయంత్రం గడుస్తుంది’ అన్నాడు.

ఊరే కాపలా కాసిన చరిత్ర కూడా మనకుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దడానికి కూర్చున్న ఆడవాళ్లు, రోశమ్మ ముందుండగా, సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రెండోదాన్ని ఎత్తేశారు. నిషేధం మంచిదా చెడ్డదా అన్న వాదన అలా ఉంచండి. దుకాణం ఇంటికెంత దూరంలో ఉందన్నది కూడా తాగేవాడి మనోబలంలో భాగమేనని ఆ ఆడవాళ్లకు అర్థమైంది. సందుకో బెల్టు షాపు ఉన్నచోట మగవాడి నిగ్రహం గురించి ఉపన్యాసాలెందుకు?

నేను మానిన తీరులో గొప్పేమీ లేదు. ఏడింటికే అన్నం తినడం మొదలుపెట్టాను. ఆకలీ మందు కోరికా ఒకే వేళకొస్తాయి, కడుపు నిండితే రెండోది సగం చస్తుంది. మిగిలిన సగం అరగంట నడకలో పోయేది. కొన్ని రోజులు పోయేది కాదు, అప్పుడు ఇంకో అరగంట నడిచేవాణ్ని.

వీటన్నిటికన్నా కష్టమనిపించింది దావత్‌లు. గ్లాసు వద్దంటే వరసగా ప్రశ్నలు: ‘ఏమైందన్నా, మాల వేసినవా? షుగరా? ఏమన్నా గోలీలు వాడుతున్నవా?’ దేవుడు వద్దన్నా ఒప్పుకుంటాం, డాక్టరు వద్దన్నా ఒప్పుకుంటాం. మనిషి తనంతట తాను వద్దంటే మాత్రం ఒప్పుకోం. నాకు తెలిసి కొత్తగా మానినవాళ్లలో చాలామంది మళ్లీ మొదలుపెట్టింది ఒంటరిగా కాదు, ఇలాంటి బలవంతాల మధ్యే. వాళ్లకు సాయం కావాలంటే మత్తు విముక్తికి 14446, మానసిక సలహాకు 14416 అనే ఉచిత నంబర్లున్నాయి. మనం చేయగలిగింది అంతకన్నా చిన్నది. ఈసారి ఎవరైనా వద్దంటే కారణం అడక్కండి. అడగాలనే ఉంటే, రేపు సాయంత్రం ఏడింటికి నడకకు వస్తావా అని అడగండి.