ముఖం దాచుకోని మాట

డాక్యుమెంటరీ అంటే మనకు ఒకప్పుడు అసలు సినిమాకు ముందు వేసిన న్యూస్‌రీలే కదూ! ధోండుప్ వాంగ్‌చెన్ తీసిన ‘లీవింగ్ ఫియర్ బిహైండ్’ ఆ బాపతు కాదు. బీజింగు ఒలింపిక్స్‌కు ముందు, 2007-08లో, టిబెట్‌లో 108 మందిని పలకరించాడు. టేపులు దొంగచాటుగా దేశం దాటాయి. ప్రవాస టిబెటన్లు స్విట్జర్లాండులో వాటిని 25 నిమిషాల చిత్రంగా కూర్చారు.

ప్రచారమే, కాదనను. కానీ నన్ను ఒప్పించింది నినాదాలు కావు; ముఖం దాచుకోకుండా మాట్లాడిన మామూలు మనుషులు. సరేనన్నారు నిజమే, అయినా ఆ ముఖాలు పోలీసులూ చూస్తారే! ఈ ఒక్కచోట చిత్రంతో నాకు పేచీ.

తీసినాయనకు ఆరేళ్ళ జైలు. ధర్మశాలలో తెల్లవారకముందే లేచి రొట్టెలు కాల్చి అమ్మి నలుగురు పిల్లల్ని సాకిన ఆయన భార్య ల్హామో త్సో మళ్ళీ భర్త ముఖం చూసింది 2017లో, అమెరికాలో.